పాత సిస్టంలో కొత్త ఎక్సెల్ వేయించే ముందు: గ్రానైట్ ఫ్యాక్టరీల యజమానులకు బహిరంగ లేఖ

చీమకుర్తి, ఒంగోలు చుట్టుపక్కల గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు నడుపుతున్న యజమానులందరికీ నమస్కారం.

నేను మీలో కొందరి దగ్గర లెక్కలు చూసే అకౌంటెంట్‌ని. చిన్న యూనిట్‌కి అకౌంటెంట్‌ని పూర్తి జీతానికి పెట్టుకోవడం కష్టం కాబట్టి, నాలాంటివాళ్లం నాలుగైదు చోట్ల పని ఒప్పుకుని తిరుగుతుంటాం. అందువల్ల ఏ ఆఫీసులో సిస్టం ఎలా ఉంది, అందులో ఏ ఎక్సెల్ నడుస్తోంది అన్నది మాకు బాగా తెలుసు. ఈమధ్య దాదాపు అన్ని చోట్లా ఒకే సంగతి చూస్తున్నాను. ఆడిటర్ గారి దగ్గర్నుంచో, కొనే పార్టీ దగ్గర్నుంచో వచ్చిన ఫైలు మన సిస్టంలో సరిగ్గా తెరుచుకోదు. "మీ వెర్షన్ పాతదండీ, కొత్తది వేయించుకోండి" అంటారు. మీరు కంప్యూటర్ షాపు కుర్రాణ్ని పిలిపిస్తారు. అతను గంటలో కొత్త ఎక్సెల్ ఎక్కించి, డబ్బులు తీసుకుని వెళ్లిపోతాడు. మర్నాడు స్లాబుల (కోసిన రాతి పలకల) లెక్క ఉన్న షీట్ తెరిస్తే స్క్రీన్ తెల్లగా మసకబారి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని వస్తుంది. బయట లోడు ఎక్కిన లారీ బిల్లు కోసం నిలబడి ఉంటుంది. డ్రైవర్ హారన్ కొడతాడు. సూపర్‌వైజర్ వచ్చి "కొత్తది వేయించాం కదా, ఇంకా ఎందుకు లేటు?" అని కేకలేస్తాడు.

మీ మీద ఫిర్యాదు చేద్దామని ఈ లేఖ రాయడం లేదు. కొత్త ఎక్సెల్ వేయించాలా వద్దా, ఏ సిస్టంలో, ఏ తారీఖున అనేది ఆ సిస్టం ముందు కూర్చుని పనిచేసే మనిషిని పక్కన కూర్చోబెట్టుకుని నిర్ణయించండి. నేను అడుగుతున్నది అదే. ఇప్పటిదాకా ఆ నిర్ణయం ఆడిటర్ ఆఫీసు ఫోన్‌లోనో, షాపు కౌంటర్ దగ్గరో జరిగిపోతోంది. దాని భారం మాత్రం గుమాస్తా మీద పడుతోంది.

ముందు మన స్లాబుల షీట్ గురించి చెప్పాలి. తంటా ఎక్కువగా అక్కడే ఉంది. మన చీమకుర్తి నల్ల గ్రానైట్, బ్లాక్ గెలాక్సీ రాయి ప్రపంచమంతా పోతుంది, దాని లెక్క మాత్రం ఆఫీసు మూలనున్న ఒక్క సిస్టంలో, ఒక్క ఫైల్లో ఉంటుంది. బ్లాకు నంబర్, స్లాబు నంబర్, పొడవు, ఎత్తు. అంగుళాల్లో కొలిచి, రెండూ గుణించి 144తో భాగిస్తే చదరపు అడుగులు వస్తాయి. ఆ పక్కన క్వాలిటీ, పార్టీ, రేటు, బిల్లు నంబర్, డబ్బు వచ్చిందా లేదా, రాకపోతే ఎన్ని రోజులైంది. ప్రతి స్లాబుకీ ఒక వరస. బ్లాకుని స్లాబులుగా కోసే గ్యాంగ్‌సా యంత్రం ఆగకుండా తిరిగే చోట ఏడాదికి ఎన్ని వేల వరసలు అవుతాయో మీకే తెలుసు. ఏడాది మారినా ఎవరూ కొత్త ఫైలు మొదలుపెట్టరు. "పాతది కూడా అందులోనే ఉంటే వెతుక్కోవడానికి బాగుంటుంది" అంటారు. ఆ మాట నిజమే. కానీ ప్రతి వరసలో రేటు వేరే షీట్ నుంచి తెచ్చే వీలుకప్ ఫార్ములా ఉంటుంది. బాకీ రోజుల కోసం ఆ రోజు తారీఖు ఇచ్చే టుడే ఫార్ములా ఉంటుంది. బాకీ పడ్డ పార్టీలు ఎర్రగా కనబడడానికి రంగుల షరతులు ఉంటాయి.

ఎక్సెల్ 2003లో ఒక షీట్‌లో 65,536 వరసలు, 256 కాలమ్‌లు ఉండేవి. 2007 వెర్షన్‌తో అవి 10,48,576 వరసలు, 16,384 కాలమ్‌లు అయ్యాయి. చోటు పెరగడం మంచిదే. అయితే చోటు పెరిగేసరికి ఫార్ములా రాసే పద్ధతిలో ఒక సోమరితనం వచ్చింది. లెక్క ఎక్కడిదాకా ఉందో చూసి అంతవరకే రాయకుండా, కాలమ్ మొత్తం ఎంచుకోవడం అలవాటైపోయింది. కాలమ్‌లని గుణించి కూడే సమ్‌ప్రొడక్ట్ లాంటి ఫార్ములాలో మొత్తం కాలమ్ ఇస్తే పాత వెర్షన్ ఒప్పుకునేది కాదు, తప్పు చూపించేది. కొత్తది ఒప్పుకుంటుంది. ఒప్పుకుని, పది లక్షల పైచిలుకు సెల్లుల మీద లెక్క మొదలుపెడుతుంది. అలాంటివి షీట్‌లో నలభై, యాభై ఉంటే పాత రెండు కోర్ల ప్రాసెసర్ ఏం చేయగలదు?

టుడే ఫార్ములా సంగతి కూడా ఇలాంటిదే. మీరు ఎక్కడో ఒక సెల్లులో ఒక అంకె మార్చినా, ఎక్సెల్ టుడేని మళ్లీ లెక్కించి, దాని మీద ఆధారపడ్డ సెల్లులన్నింటినీ మళ్లీ లెక్కిస్తుంది. బాకీ రోజుల కాలమ్‌లో వేల వరసలుంటే, ఒక్కో ఎంటర్‌కీ అన్ని వేల లెక్కలు. ఆఫ్‌సెట్, ఇన్‌డైరెక్ట్ ఫార్ములాలదీ అదే గుణం. దీనికి మందు చాలా చిన్నది. పొద్దున ఒక సెల్లులో ఆ రోజు తారీఖు చేత్తో కొట్టి, బాకీ రోజుల ఫార్ములాలన్నీ ఆ సెల్లునే చూసేలా చేయాలి. రంగుల షరతులైతే, వరసలు కాపీ చేసి పేస్ట్ చేసినకొద్దీ ముక్కలు ముక్కలుగా పెరిగిపోతూ ఉంటాయి. ఒక యూనిట్‌లో ఆ జాబితా తెరిస్తే స్క్రీన్ మీద కిందికి జరుపుతూనే ఉన్నాను. అన్నీ తీసేసి ఒకే షరతు పెట్టాక ఆ ఫైలు అదే సిస్టంలో మామూలుగా కదిలింది. కంట్రోల్, ఎండ్ కలిపి నొక్కితే షీట్‌లో వాడినట్టు ఎక్సెల్ అనుకుంటున్న చివరి సెల్లుకి వెళుతుంది. లెక్క ఎక్కడో పైన ముగిసిపోయి, అది మాత్రం పాతాళంలో ఆగితే, మధ్యలో ఉన్న ఖాళీ వరసలన్నీ తీసేసి సేవ్ చేయాలి. ఇందులో దేనికీ రూపాయి ఖర్చు లేదు. కానీ ప్రశాంతంగా ఒక పూట టైం కావాలి. లారీ గేటు దగ్గర ఉండగా ఏ గుమాస్తా ఈ పని చేయగలడు?

ఇక సిస్టం సంగతి. కొత్త ఎక్సెల్ తెరుచుకోవడానికే పాతదానికంటే ఎక్కువ మెమరీ కావాలి. చందా కట్టి వాడే కొత్త ఎక్సెల్, అంటే మైక్రోసాఫ్ట్ 365కి కంపెనీ చెప్పే కనీస అవసరం 4 జీబీ ర్యామ్, 32 బిట్ వెర్షన్‌కైతే 2 జీబీ. కనీసం అంటే ప్రోగ్రామ్ తెరుచుకోవడానికి సరిపోతుందని అర్థం. మన ఆఫీసుల్లో ఎక్సెల్ ఒక్కటే తెరిచి ఉంటుందా? లెక్కల సాఫ్ట్‌వేర్ ట్యాలీ ఉంటుంది. బ్రౌజర్‌లో జీఎస్టీ పోర్టల్, ఈ-వే బిల్లు పేజీ, బ్యాంకు పేజీ, వాట్సాప్ వెబ్ ఉంటాయి. ర్యామ్ అంటే మనం పని చేసుకునే బల్ల లాంటిది. బల్ల నిండిపోతే కొన్ని పుస్తకాలు కింద పెట్టి, కావాల్సినప్పుడల్లా వంగి తీసుకోవాలి. విండోస్ కూడా అంతే, ర్యామ్ చాలకపోతే హార్డ్ డిస్క్ మీద రాసుకుని, మళ్లీ చదువుకుంటూ ఉంటుంది. పాత తిరిగే హార్డ్ డిస్క్‌లో ఆ రాతా చదువూ చాలా నెమ్మది. సిస్టం హ్యాంగ్ అయిందని మనం అనుకునేది చాలాసార్లు ఇదే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. షీట్ తెరుస్తున్నప్పుడు మెమరీ దాదాపు నిండిపోయి, డిస్క్ నూరు శాతం దగ్గర నిలబడి ఉంటే జబ్బు ఎక్కడుందో తెలిసిపోయినట్టే. ప్రాసెసర్ నూరు దగ్గర ఉండి మెమరీ ఖాళీగా ఉంటే జబ్బు షీట్ ఫార్ములాల్లో ఉంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా ఏదీ కొనకండి, ఏదీ ఎక్కించకండి.

జబ్బు మెమరీదైతే ఇంకో 4 జీబీ ర్యామ్ వేయించి, హార్డ్ డిస్క్ తీసి, దాని బదులు తిరిగే భాగాలు లేని, వేగంగా చదివే ఎస్ఎస్‌డీ పెట్టించండి. కొత్త సిస్టం ధరతో పోలిస్తే తక్కువలో అయిపోతుంది. అయితే ఒక మాట ముందే అడగండి: విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా? 32 బిట్ విండోస్ 4 జీబీకి మించిన ర్యామ్‌ని వాడుకోలేదు. అది చూడకుండా ర్యామ్ కొని, తేడా లేదని తిట్టుకున్న ఆఫీసు నాకు తెలుసు.

మన దగ్గర ఇంకో సమస్య ఉంది, ఊళ్లో బట్టల కొట్టు సిస్టంకి అది ఉండదు. రాతి పొడి. కటింగ్ దగ్గర నీళ్లు పోస్తాం కాబట్టి దుమ్ము లేవదని అంటారు కానీ, ఆరిపోయిన స్లర్రీ (రాతి పొడి కలిసిన బురద) గాలికి లేచి ఆఫీసు గదిలోకి వస్తూనే ఉంటుంది. సీపీయూ మూత తీసి చూడండి. ఫ్యాన్ రెక్కల మీద, దాని కింది లోహపు పళ్ల మధ్య తెల్లటి పొర పేరుకుని ఉంటుంది. గాలి ఆడకపోతే ప్రాసెసర్ వేడెక్కుతుంది. వేడి హద్దు దాటితే తనను తాను కాపాడుకోవడానికి అదే వేగం తగ్గించుకుంటుంది. మే నెల ఎండల్లో, ఏసీ లేని గదిలో మధ్యాహ్నం రెండింటికి షీట్ ఎందుకు కదలదో, పొద్దున ఎనిమిదింటికి ఎందుకు కదులుతుందో దీన్నిబట్టే అర్థమవుతుంది. కొత్త ఎక్సెల్ ప్రాసెసర్‌ని ఎక్కువ పని చేయిస్తుంది, అది ఇంకా వేడెక్కుతుంది. మూడు నెలలకోసారి బ్లోయర్ పట్టించండి. సిస్టంని నేల మీద పెట్టకండి.

వెర్షన్లు కలగాపులగం కావడం గురించి గట్టిగా చెప్పాలి, ఇందులో డబ్బు నష్టం ఉంది. యార్డులో కొలతలు ఎక్కించే సిస్టంలో 2007 ఉంటుంది, ఆఫీసులో 2016 ఉంటుంది, ఆడిటర్ గారి దగ్గర 365 ఉంటుంది. ఆయన అక్కడ వీలుకప్ లాంటి పనే చేసే కొత్త ఎక్స్‌లుకప్ ఫార్ములాతో షీట్ చేసి పంపుతారు. ఆ ఫార్ములా 2021 వెర్షన్‌లో, 365లో ఉంది. 2016, 2019 వెర్షన్లలో లేదు. మన దగ్గర తెరవగానే ఆయన లెక్కించిన అంకెలు మామూలుగానే కనబడతాయి కాబట్టి అంతా బాగుందనుకుంటాం. ఆ సెల్లు మళ్లీ లెక్కకి వచ్చినప్పుడు అంకె పోయి నేమ్ ఎర్రర్ వస్తుంది. ఆ షీట్ చూసే బిల్లు మొత్తం కూడా దాంతో పాటే పోతుంది. ఇంకొకరు పాతవాళ్లకి తెరుచుకోవాలని మంచి మనసుతోనే ఫైలుని పాత ఎక్స్ఎల్ఎస్ రకంలో సేవ్ చేస్తారు. 65,536 దాటిన వరసలు అందులో పట్టవు. హెచ్చరిక వస్తుంది, చదవకుండా ఓకే కొడితే మిగతా వరసలు పోతాయి.

ఇది చిన్న ఆఫీసుల్లోనే జరుగుతుందనుకోకండి. 2020 కరోనా రోజుల్లో ఇంగ్లండ్ ప్రజారోగ్య సంస్థ 15,841 కేసులను రోజువారీ లెక్కలో చేర్చలేకపోయింది. పరీక్షల ఫలితాలు పాత ఎక్స్ఎల్ఎస్ ఫైళ్లలోకి ఎక్కించడం, అందులో వరసల హద్దు దాటిపోవడం దానికి కారణం. ఆ కేసుల కాంటాక్టులను వెతకడం ఆలస్యమైంది. మనకి స్లాబులు పోతే డబ్బు పోతుంది, అక్కడ అంతకంటే పెద్దదే పోయింది. అందుకే యార్డు, ఆఫీసు, ఆడిటర్ ముగ్గురూ ఒక మాట అనుకోండి: ఫైలు ఎక్స్ఎల్ఎస్ఎక్స్ అనే కొత్త రకంలోనే ఉండాలి, పాత వెర్షన్‌లో లేని ఫార్ములాలు వాడకూడదు. ఆడిటర్ గారికి ఈ మాట గుమాస్తా చెబితే వినరు. మీరే చెప్పాలి.

పాత ఫైలుని కొత్త ఎక్సెల్‌లో తెరిచినంత మాత్రాన అది కొత్తదైపోదు. పైన టైటిల్‌లో 'కంపాటబిలిటీ మోడ్' అని కనబడితే పాత హద్దులే నడుస్తున్నట్టు. ఫైలు మెనూలో కన్వర్ట్ చేసి, మూసి, మళ్లీ తెరవాలి. కొత్త రకం ఫైలు లోపల కుదించి దాచుకుంటుంది కాబట్టి సైజు కూడా బాగా తగ్గుతుంది. దీన్ని చేసే ముందు పాత ఫైలు కాపీ ఒకటి వేరే పెన్ డ్రైవ్‌లో పెట్టుకోవాలి. మ్యాక్రోలు (బటన్ నొక్కితే పనులు వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రామ్‌లు) ఉన్న ఫైలైతే ఎక్స్ఎల్ఎస్ఎమ్ రకంలో సేవ్ చేయాలి. లేకపోతే బటన్లు నొక్కినా ఏమీ జరగదు.

ఇప్పుడు మీకు నచ్చని మాట చెప్పాలి. షాపు కుర్రాడు గంటలో ఎక్కించి పోయే ఆ కొత్త ఎక్సెల్ చాలా చోట్ల క్రాక్ వెర్షన్. దానికి లైసెన్స్ ఉండదు. దాన్ని నడిపించే చిన్న ప్రోగ్రామ్ ముందు యాంటీవైరస్ ఆపమంటుంది. ఎందుకు ఆపమంటుందో ఒక్కసారి ఆలోచించండి. అదే సిస్టంలో మీ డిజిటల్ సిగ్నేచర్ టోకెన్ (ఆన్‌లైన్ సంతకానికి వాడే పెన్ డ్రైవ్ లాంటిది) గుచ్చుతారు, బ్యాంకు లాగిన్ అవుతారు, జీఎస్టీ పాస్‌వర్డ్ బ్రౌజర్‌లో దాచి ఉంటుంది. క్రాక్‌తో పాటు లోపలికి వచ్చేది ఫైళ్లన్నింటికీ తాళం వేసి డబ్బు అడిగే రకమైతే, ఏళ్ల నాటి కొలతలు ఒక్క రాత్రిలో పోతాయి. టోకెన్ గుచ్చి సంతకం పెట్టేది మేం. ఏదైనా తేడా వస్తే ముందు అనుమానించేదీ మమ్మల్నే. లైసెన్స్ కొనడం భారమనిపిస్తే లిబ్రెఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. అందులోని క్యాల్క్ మన ఎక్సెల్ ఫైళ్లు తెరుస్తుంది, వరసల హద్దు కూడా అంతే. మెనూలు తెలుగులో పెట్టుకోవచ్చు. కొలతలు ఎక్కించడానికి, చదరపు అడుగులు కూడడానికి అది పూర్తిగా సరిపోతుంది. ఎక్సెల్‌లో రాసిన మ్యాక్రోలు మాత్రం అందులో అన్నీ నడవవు, అది ముందే పరీక్షించుకోవాలి. విండోస్ 7 ఉన్న సిస్టం అయితే 25.8 వెర్షన్ నుంచి లిబ్రెఆఫీస్ అందులో ఎక్కదు. అంతకుముందు వెర్షన్ చూసుకోవాలి.

విండోస్ 7కి కంపెనీ మద్దతు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబర్ 14న ముగిసింది. ఎక్సెల్ ఉండే ఆఫీస్ 2016, 2019లకు కూడా ఆ అక్టోబర్ తారీఖే చివరిది. ఎక్సెల్ 2019 నుంచి విండోస్ 7 మీద అసలు ఎక్కదు. అంటే కొత్త ఎక్సెల్ కావాలంటే ముందు విండోస్ మార్చాలి. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, మన ఆఫీసుల్లోని పాత సిస్టంలు చాలావరకు దానికి పనికిరావు. ఇలాంటి సిస్టంలని పారేయమని నేను అనను. ఇంటర్‌నెట్ తీగ పీకేసి, పాత ఎక్సెల్ పాతదిలాగే ఉంచి, యార్డు కొలతలకి మాత్రమే వాడండి. ఇంకా ఏళ్ల తరబడి పనిచేస్తుంది. పోర్టల్, బ్యాంకు పనులకి మాత్రం మద్దతు ఉన్న విండోస్‌తో ఒక మంచి సిస్టం పెట్టండి. ఉన్న నాలుగింటిలోనూ అర్ధం అర్ధం మార్పులు చేయించడం కంటే ఇది మేలు.

తారీఖుల గురించి మీకు వేరే చెప్పనక్కర్లేదనుకుంటా, కానీ జరుగుతున్నది చూస్తుంటే చెప్పాలనిపిస్తోంది. నెలవారీ రిటర్న్ వేసేవాళ్లకి 11న అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1, 14న కొనుగోళ్ల మీద పన్ను జమ చూపే 2బి వస్తుంది, దాన్ని కొనుగోళ్లతో సరిపోల్చాలి, 20న పన్ను లెక్క చూపి కట్టే 3బి. నెల మొదలు నుంచి 20 దాకా సిస్టంలో ఏ మార్పూ చేయించకండి. పదో తారీఖు సాయంత్రం ఎక్సెల్ మార్పించి, రాత్రి పదకొండింటి దాకా మనుషుల్ని కూర్చోబెట్టిన ఆఫీసులు ఉన్నాయి. చీమకుర్తి నుంచి ఒంగోలుకి ఆ టైంలో ఒక ఆడపిల్ల ఎలా ఇంటికి వెళుతుందో ఆ ఆఫీసులో ఎవరూ ఆలోచించలేదు.

ఆ అమ్మాయి సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. ఒక యూనిట్‌లో కొలతలు ఎక్కించే పని చేసేది. చేతివేగం బాగుండేది, అంకెలు తప్పుపోయేవి కావు. కొత్త వెర్షన్ వేశాక షీట్ కదలక, రోజుకి ఎక్కించే స్లాబులు సగానికి పడిపోయాయి. "కొత్త ఎక్సెల్ నీకు రావడం లేదు" అన్నారు. జీతంలో కోశారు. రెండు నెలలకి మానేసింది. ఆమె కుర్చీలో ఇంకొకరు వచ్చారు, ఆ మనిషి కూడా అంతే నెమ్మది. తర్వాత ఎప్పుడో సిస్టం పాడై ఎస్ఎస్‌డీ వేయిస్తే పని మళ్లీ మామూలు వేగానికి వచ్చింది. ఆమెకి కోసిన జీతం ఎవరూ తిరిగి ఇవ్వలేదు. ఆమె ఇప్పుడు ఎక్కడ పని చేస్తోందో కూడా ఎవరూ అడగలేదు. పని నెమ్మదించినప్పుడు ముందు టాస్క్ మేనేజర్ చూడండి. మనిషి మీద మాట అనడం ఆ తర్వాత.

మార్చి 31తో ఈ ఏడాది లెక్క ముగుస్తుంది. ఏప్రిల్ 1 నుంచి స్లాబులకి కొత్త ఫైలు మొదలుపెట్టించండి, పాతది చదువుకోవడానికి మాత్రమే ఉంచి ముగింపు నిల్వలు కొత్తదాంట్లోకి తేవాలి. ఏప్రిల్ 20 దాటాక ఏ ఆదివారం పిలిచినా మీ ఆఫీసుకి వస్తాను. ఫార్ములాలు, రంగుల షరతులు, ఖాళీ వరసలు అన్నీ శుభ్రం చేసి, మీ గుమాస్తాకి ఆ పని నేర్పి వెళతాను. దానికి డబ్బు తీసుకోను. నేను వచ్చేలోపు ర్యామ్, ఎస్ఎస్‌డీ మీరు కొనిపెట్టాలి, ఫ్యాన్ శుభ్రం చేయించాలి. ఆ రోజు మీ గుమాస్తాని నా పక్కన కూర్చోనివ్వాలి. వేరే పనికి పంపకూడదు.

ఇట్లు,
మీ లెక్కలు చూసే ఒక అకౌంటెంట్,
ఒంగోలు.